ఒక్కరికే పడ్డ తాళం

"నువ్వే చెప్పు. ఇంట్లో నలుగురికీ ఒకే చేత్తో వడ్డించాను. గరిట ఒకటే, గిన్నె ఒకటే. ముగ్గురు తిని లేచిపోయారు. ఒక్క మనిషి మాత్రం ఖాళీ కంచం పట్టుకుని నా వంక చూస్తోంది. నాకు పెట్టలేదంటుంది. పెట్టిందాన్ని నేనే కదా, పెట్టానంటాను. ఇందులో ఎవరి కళ్ళు చెడ్డాయనుకోవాలి?"

తాళాలక్క ఈ మాట అన్నది ఆదివారం మధ్యాహ్నం, వంటింటి గడప మీద కూర్చుని, ఒళ్ళో బీన్స్ పళ్ళెం పెట్టుకుని. తుంచిన ముక్కలు చెత్తబుట్టలోకీ ఈనెలు గిన్నెలోకీ పోతున్నాయని చెప్పాను. చూసుకుని మార్చింది. కాసేపటికి మళ్ళీ అదే చేసింది. ఆ ఇంటి ముందుగదిలో నేను అద్దెకుంటాను. సెలవు రోజున ఆ గడప పక్కన పీట వేసుకుని కూర్చోవడం నాకు అలవాటు. ఆవిడ ఇంత తడబడటం అంతకుముందు చూడలేదు.

వడ్డనంటే అన్నం సంగతి కాదు. ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తుంది. అక్కడ ఎవరు బ్రౌజర్ తెరిచినా ఏ సైట్లు రావాలి, ఏవి రాకూడదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనివ్వాలా వద్దా, ఫైళ్ళు దించుకోనివ్వాలా, పేజీ మీద పేజీగా ఎగిరొచ్చే చిన్న విండోలను ఆపాలా, ఇవన్నీ తన సీట్లో కూర్చుని ఆవిడే పెడుతుంది. వాటిని పాలసీలంటారు. మనిషికొకటి చొప్పున రాయరు. డాక్టర్లు ఒక గ్రూపు, నర్సులు ఒక గ్రూపు, కౌంటర్ల వాళ్ళు ఒక గ్రూపు. ఎవరు ఏ గ్రూపులో ఉంటే వాళ్ళకు ఆ నియమాలు. నియమం అంటుకునేది యంత్రానికి కాదు, మనిషి లాగిన్‌కి. ఏ కుర్చీలో కూర్చున్నా, తన పేరుతో తెరిస్తే తన నియమాలు తన వెంటే వస్తాయి. నీడలాగా అన్నమాట అని ఒకసారి అన్నాను. నీడైనా మిట్టమధ్యాహ్నం కాస్త కాళ్ళ కిందికి ముడుచుకుంటుంది, ఇది ముడుచుకోదు అంది.

ఆవిడ అసలు పేరు ఆసుపత్రిలో చాలామందికి తెలియదు. చదువైన కొత్తలో ఆవిడ చేరింది తాళాల గదిలో. మందుల గది, దుప్పట్ల గది, ఎక్స్‌రే గది, అన్నిటి తాళంచెవులూ ఒక చెక్కబోర్డు మీద మేకులకు వేలాడుతుండేవి. అడిగినవాళ్ళకు ఇవ్వడం, తిరిగి రాకపోతే వెనకాల పడి తెచ్చుకోవడం పని. దుప్పట్ల గది చెవి జేబులో వేసుకుని ఇంటికి పోయిన వార్డుబాయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళమ్మ చేత వాణ్ణి తిట్టించి మరీ తెచ్చిందని చెబుతారు. తర్వాత తలుపులకు కార్డులొచ్చాయి, తాళాల గది మూతపడింది. ఎవరిని లోపలికి రానివ్వాలో తెలిసిన మనిషి కదా అని కంప్యూటర్ల విభాగం అధిపతి ఆవిడను తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. అడిగి, పొరపాట్లు చేసి, చీవాట్లు తిని, పరీక్షలు తప్పి మళ్ళీ రాసి, మెల్లగా నేర్చుకుంది. పని మారింది గానీ పిలుపు మారలేదు. నర్సులకు పాటల సైటు ఆపేసిన రోజు నుంచి మరీ స్థిరపడింది.

అత్తగారు మాత్రం చుట్టాలకు ఇలా పరిచయం చేస్తుంది. "మా పెద్దకోడలు ఆసుపత్రిలో అందరి సరదాలకీ గడియ పెడుతుంది. దానికి జీతం కూడా ఇస్తారట."

ఇప్పుడు ఖాళీ కంచం పట్టుకున్న మనిషి ఎవరో చెప్పాలి. ఈ ఇంటి చిన్నకోడలు, తాళాలక్కకు తోడికోడలు. పై వాటాలో ఉంటుంది. పెళ్ళయ్యాక బయట పనికి వెళ్ళలేదు. ఒకనాడు నేనూ ఉద్యోగం చేస్తానంది. ఆమె భర్త నవ్వాడు. అత్తగారు నవ్వలేదు, అది ఇంకా కష్టం. అప్పుడు ఆమె పక్షాన మాట్లాడింది తాళాలక్క ఒక్కతే. ఇన్సూరెన్స్ కౌంటర్లో ఖాళీ ఉందని తెలుసుకుని దరఖాస్తు పెట్టించింది. చేరే ముందు ఈ వంటింట్లోనే, పొయ్యి పక్కన లాప్‌టాప్ పెట్టి, పద్ధతి నేర్పింది. నీ పేరుతోనే తెరువు. లేచేటప్పుడు మూసి లే. ఫోనుకొచ్చే అంకెలు ఎవరికీ చెప్పకు. చిన్నకోడలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. మొదటి రోజు తన కుర్చీ ఎలా ఉందో, గుండ్రంగా తిరుగుతుందో లేదో, ఎత్తు సరిపోయిందో లేదో ఇంటికొచ్చి అందరికీ చెప్పింది. నాకు కూడా చెప్పింది.

కొత్తగా చేరినవాళ్ళను కొన్ని నెలలు చూసి ఉంచుకోవాలో వద్దో నిర్ణయిస్తారు. ఆమె గడువు సోమవారంతో తీరుతుంది. ఆ రోజు సూపర్‌వైజర్ పక్కన కూర్చుని పని చూస్తాడు. ఉంచుతారన్న ఆశ ఆమెకు లేదు. చేతివేగం లేదని అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

చేతివేగం లేకపోవడానికి కారణం ఒకటే. రోగి ఇంటికి వెళ్ళాలంటే ఇన్సూరెన్స్ కంపెనీ పేజీలో కాగితాలు జతచేసి అనుమతి తెచ్చుకోవాలి. జతచేసే బొత్తాం నొక్కితే ఒక చిన్న విండో వస్తుంది, అందులోంచి కాగితాలు ఎక్కించాలి. పక్క కౌంటర్లలో వస్తుంది. ఈమెకు రాదు. నొక్కుతుంది, ఏమీ కాదు. మళ్ళీ నొక్కుతుంది. అవతల చక్రాల కుర్చీలో ముసలాయన, వెనక ఆయన కొడుకు, వాళ్ళ వెనక వరస. చివరికి కాగితాలు తీసుకుని పక్క కౌంటర్‌కి వెళ్ళి బతిమాలుకుంటుంది. చేరిన కొత్తలో బాగానే వచ్చేదట. మధ్యలో ఎప్పుడో మానేసింది.

ఆమె వచ్చి తాళాలక్కకు చెప్పింది. తాళాలక్క తన కంప్యూటర్లో అదే పేజీ తెరిచి, అదే బొత్తాం నొక్కింది. చిన్న విండో బుద్ధిగా వచ్చి నిలబడింది. నా దగ్గర బాగానే ఉందే అంది. కౌంటర్ గ్రూపు నియమాలు తెరిచి చూసింది. అందరికీ ఒకటే. చిన్నకోడలి పేరు ఆ గ్రూపులోనే ఉంది. ఎక్కడా తేడా లేదు. ఇంకోసారి వచ్చి అడిగినప్పుడూ అలాగే చూసి, అదే జవాబు చెప్పింది. గురువారం ఇంట్లో, అందరూ భోజనం చేస్తుండగా, మూడోసారి చెప్పింది.

"నీ దగ్గర బాగానే ఉంటుందక్కా," అంది చిన్నకోడలు. "తాళం నీ చేతిలో ఉంది కదా. ఉద్యోగం ఇప్పించిన మనిషివి, ఉంచడం ఇష్టం లేకపోతే ఆ మాట నాతోనే అనాల్సింది."

అని కంచం తీసుకుని మేడెక్కింది. ఆనాటి నుంచి పైనే తింటోంది. వంటిల్లు ఒకటే కాబట్టి మాటలు అత్తగారి మీదుగా నడుస్తున్నాయి. పంచదార డబ్బా ఎక్కడుందో చిన్నది అడగమంటోందే అని అత్తగారు పెద్దకోడలిని అడుగుతుంది. ఇద్దరూ ఎదురెదురుగానే ఉంటారు. అత్తగారికి ఇందులో కొంత సంతోషం కూడా ఉందని నా అనుమానం. ఇన్నాళ్ళకు తను లేకుండా ఇంట్లో ఒక్క పనీ కావడం లేదు. "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట," అని శుక్రవారం నాతో అంది, పెద్దకోడలికి వినబడేలాగే.

తాళాలక్కకు నిద్ర పట్టలేదు. తోడికోడలు అన్న మాట కంటే, ఆ మాటకు తన దగ్గర సమాధానం లేకపోవడం ఆవిడను తినేసింది. తను ఆపలేదు. కానీ ఆగింది. ఆపకుండా ఎలా ఆగుతుంది?

శనివారం ఆసుపత్రిలో తన అంతస్తు నుంచి కిందికి దిగి కౌంటర్ల హాలుకు తనే వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆ హాలును తెర మీద చూసిందే గానీ వెళ్ళి నిలబడింది లేదు. వరసలో మొదటి కౌంటర్లో పెద్ద మీసాల ఆయన ఉంటాడు, అందరూ మీసాలాయనే అంటారు. ఆయన వెనక నిలబడి తెరలోకి చూసింది. ఆసుపత్రి పాత భవనం బొమ్మ ఉన్న పేజీ కనబడింది. ఆ పేజీని ఆవిడ ఎప్పుడో తీసేసింది. దాని బదులు తెల్లటి పేజీ, మీద పని లింకులు మాత్రమే వచ్చేలా పెట్టింది. రెండో కౌంటర్ చూసింది. అక్కడా పాత భవనమే. మూడో దాంట్లోనూ అదే.

ముందు తను వేరే అంతస్తుకు వచ్చానేమో అనుకుందట. బయటికి వెళ్ళి బోర్డు చదువుకుని వచ్చింది. "నవ్వకు," అంది నాతో. "చచ్చిపోయిన మనిషి బజార్లో ఎదురైతే ముందు వాళ్ళని కాదు, నిన్ను నువ్వు గిల్లి చూసుకుంటావు."

ఆ పేజీ ఎలా వచ్చిందని మీసాలాయనను అడిగింది. ఎప్పుడూ ఉండేదే కదమ్మా అన్నాడాయన. మీ పేరుతో తెరవలేదా అంది.

"నా పేరుతోనా?" అన్నాడు మీసాలాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మేం వచ్చేసరికి తెరిచే ఉంటుందమ్మా. పోయేటప్పుడు కుర్చీ లోపలికి నెట్టి పోతాం. తెరిచి ఉన్నదాన్ని మూయడం ఎందుకు, మూసి మళ్ళీ ఆ అంకెలూ అవీ అడిగించుకోవడం ఎందుకు?"

అప్పుడు కూడా ఆవిడకు పూర్తిగా బోధపడలేదు. కౌంటర్ కౌంటర్‌కీ తిరిగి అదే ప్రశ్న అడిగింది. అందరూ అదే చెప్పారు. ఇంతకీ జరిగింది ఇది. ఎవరి పేరుతో వాళ్ళు లాగిన్ అయ్యే పద్ధతి రాకముందు కౌంటర్లన్నిటికీ కలిపి ఒకే లాగిన్ ఉండేది. పేర్లు ఇచ్చాక దాన్ని తీసేయకుండా, ఎవరి ఫోనైనా పోయి పని ఆగిపోతే అక్కరకొస్తుందని, ఏ నియమమూ లేకుండా ఒక మూల ఉంచింది. మూల ఉందని ఆవిడ అనుకుంది. హాలంతా అందులోనే కాపురం ఉంది. పొద్దుటివాళ్ళు లేస్తే సాయంత్రంవాళ్ళు అదే విండో ముందు కూర్చుంటారు, వాళ్ళు లేస్తే మళ్ళీ వీళ్ళు. ఎవరూ మూయరు. ఎప్పుడైనా మూతపడితే పాస్‌వర్డ్ మీసాలాయనకు నోటికి వచ్చు. దొంగతనం అని ఒక్కరికీ తోచలేదు. నియమాలు తప్పించుకోవాలని కూడా కాదు. పొయ్యి ఆర్పితే మళ్ళీ రాజేయడం కష్టమని నిప్పు దాచుకునేవాళ్ళలాగా, విండోను ఒకరి చేతిలోంచి ఇంకొకరికి అందించుకుంటూ వచ్చారు.

చివరి కౌంటర్లో మాత్రం తెల్లటి పేజీ ఉంది. పని లింకులు మాత్రమే. పాస్‌వర్డ్ దాచుకోదు, అనవసరపు సైటు తెరవదు, చిన్న విండోలను ఎగరనివ్వదు. పెట్టిన నియమాలన్నీ ఒక్కటి పోకుండా ఆ ఒక్క కుర్చీ ముందు కనబడ్డాయి. కుర్చీలో చిన్నకోడలు. కాగితాల కట్ట పట్టుకుని పక్క కౌంటర్‌కి వెళ్ళడానికి లేస్తోంది. లేచే ముందు తన విండో మూసింది. వెనక ఎవరున్నారో చూడలేదు, చూసీ చూడనట్టు పోయిందో ఏమో తాళాలక్క చెప్పలేకపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు పెట్టిన పాలసీలన్నీ ఎవరికి అమలయ్యాయక్కా?" అని అడిగాను.

"దానికి," అంది. "మొత్తం ఆసుపత్రి కౌంటర్లలో దానికొక్కదానికి."

బీన్స్ పళ్ళెం కింద పెట్టేసింది. తన తెర మీద కౌంటర్ గ్రూపు ఎదురుగా ఎప్పుడూ పచ్చటి టిక్కు ఉండేదట. దాన్ని బట్టే కౌంటర్లన్నిటికీ అమలయిందని పైవాళ్ళకు చెబుతూ వచ్చింది. టిక్కు అబద్ధం చెప్పలేదు. ఆ పేర్లన్నిటికీ నియమాలు అంటుకునే ఉన్నాయి. ఆ పేర్లతో ఎవరూ లోపలికి రాలేదు, అంతే. ఆ తలుపు తీసుకుని వచ్చింది ఒక్క మనిషే.

ఆ చిన్న విండో ఎందుకు రాలేదో తర్వాత దొరికింది. చిన్న విండోలన్నిటినీ ఆపి, ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. కంపెనీవాళ్ళు మధ్యలో తమ సైటు చిరునామా మార్చారు. పాత చిరునామాకు వెళితే అదే కొత్తదానికి పంపేస్తుంది, కాబట్టి వాడేవాళ్ళకు తెలియదు. మినహాయింపు పాతదాని మీదే ఉండిపోయింది. మరి తన దగ్గర ఎలా వచ్చిందంటే, తను ఉన్నది నిర్వాహకుల గ్రూపు. దానికి ఈ నియమాలేవీ లేవు. "ఉపవాసం ఉన్న వంటావిడ ఉప్పు సరిపోయిందన్నట్టు," అని ఆవిడే అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

శనివారం సాయంత్రమే చిరునామా సరిచేసింది. ఈసారి తన లాగిన్‌తో చూడలేదు. ఉత్తుత్తి ఉద్యోగి పేరు ఒకటి పుట్టించి, కౌంటర్ గ్రూపులో వేసి, ఆ పేరుతో తెరిచింది. విండో రాలేదు. చిరునామా మళ్ళీ చదివింది, అక్షరం అక్షరం. సరిగ్గానే ఉంది. ఇంకోలా మార్చింది, అప్పుడూ రాలేదు. మొదటిలాగే మళ్ళీ పెట్టింది. టీ తాగి వచ్చి నొక్కితే వచ్చింది.

"ఎందుకొచ్చింది?" అన్నాను.

"అదే నన్ను నేనూ అడుగుతున్నాను. పాలసీ మార్చగానే అందరికీ ఒక్కసారే అందదు, ఒక్కోసారి నానుతుంది. నానిందేమో. లేకపోతే మార్చి మార్చి పెట్టడంలో ఏదో కదిలిందేమో. ఎందుకొచ్చిందో తెలియకుండా వచ్చింది, తెలియకుండానే పోదని ఏముంది? ఆ ఉత్తుత్తి పేరుకి వచ్చింది సరే, దాని పేరుకి వస్తుందా? ఒకే గ్రూపు. రావాలి. ఇన్నాళ్ళూ రావాలి అనుకునే కదా కూర్చున్నాను."

ఆదివారం చిన్నకోడలి లాగిన్‌తో చూడాలంటే ఫోనుకొచ్చే అంకెలు ఆమె చెప్పాలి. అడిగినా చెప్పకూడదని నేర్పిందే తను. అదీగాక ఆమె మాట్లాడటం లేదు.

ఇంతలో ఇంకో సంగతి తెలిసింది. శనివారం సాయంత్రం మీసాలాయన చిన్నకోడలితో, ఎందుకమ్మా అవస్థ, సోమవారం మా విండోలోనే పని కానిచ్చేయి, సూపర్‌వైజర్ ముందు చకచకా అయిపోతుంది అన్నాడట. మనసున్న మనిషి. ఆ మాట అత్తగారికి చిన్నకోడలు చెప్పింది, అత్తగారు యథాప్రకారం కిందికి చేరవేసింది. ఆమె ఒప్పుకుందో లేదో అత్తగారికీ తెలియదు.

తాళాలక్క అక్కడ చిక్కుకుంది. మీసాలాయన విండోలో కూర్చుంటే పరీక్ష గట్టెక్కుతుంది, కుర్చీ నిలబడుతుంది. తోడికోడలు కోరింది ఆ కుర్చీయే. కానీ అప్పుడు హాలులో పద్ధతి పాటించే ఆ ఒక్క మనిషి కూడా ఉండదు. ఇవాళ కాకపోతే రేపు పాత లాగిన్ తీసేయక తప్పదు. ఆ రోజు అందులో పనిచేస్తూ పట్టుబడేవాళ్ళలో ఆమె కూడా ఉంటుంది, అదీ కొత్తగా ఉద్యోగం ఖాయమైన మనిషి. పోనీ ఇవాళే తీసేద్దామంటే సోమవారం పొద్దున వరసలో నిలబడ్డ రోగుల ముందు కౌంటర్లన్నీ ఒక్కసారిగా చేతులెత్తేస్తాయి. మీసాలాయనకు తన పేరుతో లాగిన్ ఒకటుందని నిన్ననే తెలిసింది. ఇక చిన్నకోడలిని తన పేరుతోనే తెరవమని చెబితే, రేపు ఆ చిన్న విండో రాకపోతే, ఉద్యోగం ఇప్పించిన చేత్తోనే తీసేసినట్టవుతుంది.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉందన్నాను. పోకచెక్కే నయం, ఎటు తెగాలో అది తేల్చుకోనక్కర్లేదు అంది. పొద్దున సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయాలని రెండుసార్లు నంబరు దాకా వెళ్ళి ఆగిపోయిందట. ఫోన్లో చెబితే తోడికోడలి కోసం కథ అల్లుతోంది అనుకుంటాడు. ఎదురుగా చూపిస్తేనే నమ్ముతాడు. చూపించాలంటే ఆమె తన పేరుతో తెరవాలి.

నేను అన్నీ విన్నాను గానీ, ఏది సరైనదో నాకూ తేలలేదు. పైన చిన్నకోడలు నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. తాళాలక్క ఆ చప్పుడు వెంట కప్పు మీద చూపు నడిపించింది, ఈ గోడ నుంచి ఆ గోడకు. తర్వాత నా పీట కాలితో కొంచెం వెనక్కి నెట్టింది.

"నువ్వు లేచి పైకి వెళ్ళు. రేపు తన పేరుతోనే తెరవమను. మీసాలాయన విండోలో కూర్చోవద్దను. నేను పక్కనే నిలబడతానని, సూపర్‌వైజర్‌కి జరిగిందంతా నేనే చెబుతానని చెప్పు. చిన్న విండో వస్తే సరే. రాకపోతే..." పళ్ళెంలోంచి ఒక బీన్సు తీసి మళ్ళీ అందులోనే వేసింది. "రాకపోయినా నేనే చెబుతాను, ఆపింది నేనేనని, దాని చేతివేగం కాదని. ఇదంతా నేను చెప్పమన్నానని మాత్రం అనకు. ఉహూ, అను. నా పేరెత్తకపోతే నమ్మదు, ఎత్తితే వినదు. ఏదో ఒకటి, నువ్వే చూసుకో. తలుపు మాత్రం కొట్టకు. ఆరేసిన బట్టలు తీయడానికి ఎలాగూ బయటికొస్తుంది, అప్పుడు చెప్పు. మబ్బు పట్టింది, ముందే వచ్చేస్తుందేమో. వెళ్ళు."